పన్నెండు మీటర్ల కేబుల్

కుర్చీ దగ్గర్నుంచి కంప్యూటర్ దాకా తొమ్మిది మీటర్లు. నెత్తిన హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి లేచి అటూ ఇటూ నాలుగడుగులు వేయడానికి ఇంకో మూడు. మొత్తం పన్నెండు మీటర్ల యూఎస్‌బి కేబుల్ కావాలి. దొరికినవన్నీ తెప్పించి వారం రోజులపాటు ఒక్కొక్కటే పరీక్షించి, నూకరత్నం పదకొండింటిని పక్కన పడేసింది.

ఆమె విశాఖపట్నంలో ‘అబ్ధి’ అనే సంస్థలో హార్డ్‌వేర్ ఇంజనీరు. కేబుల్ చేతిలోకి తీసుకోగానే బరువును బట్టి లోపల రాగి ఎంతుందో చెప్పేది. రాగి కేబుల్ మూడు మీటర్లు దాటితే అందులో పోయే సంకేతం నీరసపడుతుంది. మధ్యమధ్య చిన్న చిప్పులు పెట్టి ఊపందించే కేబుళ్లున్నాయి గాని, అవి గంటసేపు వాడితే వేడెక్కి తడబడతాయి. గాజు పోగులో వెలుతురు రూపంలో సమాచారం పంపే కేబుల్ ఎంత దూరమైనా తడబడదు. కాకపోతే గాజు పోగు కరెంటు మోయలేదు కాబట్టి దాని పక్కనే లావుపాటి రాగి తీగ కూడా వేయాలి. పైగా మనిషి తల తిప్పినప్పుడు ఊడిపోకుండా కొసన రెండు స్క్రూలతో బిగించే వీలుండాలి. ఇవన్నీ ఉన్నది పన్నెండోది. వేలంత లావు, నల్లటి రంగు.

“ఇది పెట్టి చూద్దాం, కూర్చోవే,” అంది చెల్లెలితో.

లోవకుమారి కూర్చుంది. ఆమె రేవులో క్రేన్ నడిపేది. వాళ్ల నాన్న అదే రేవులో కలాసీగా జీవితమంతా మూటలు మోశాడు. ఆయన కూతురు నలభై మీటర్ల ఎత్తున గాజు గదిలో కూర్చుని ఓడల మీంచి కంటైనర్లు దించుతుంటే రేవులో పాతవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. ఆ రేవులో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆమే. ఆమెను చూసే ఇంకో ఆరుగురు ఆడపిల్లలు శిక్షణలో చేరారు.

అబ్ధి సంస్థ కనిపెట్టినది చెప్పడానికి తేలికే. హెడ్‌సెట్ పెట్టుకుని, కుడిచేతికి సెన్సర్ల తొడుగు వేసుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటే, దూరంగా రేవులో ఉన్న క్రేన్ తన చేయే అనిపించడం మొదలవుతుంది. ఆ తర్వాత మీటలూ బొత్తాలూ అక్కర్లేదు. గ్లాసు ఎత్తినట్టే కంటైనర్ ఎత్తవచ్చు. ఆపరేటర్లు దీన్ని తమ పాత మాటతో ‘ఎక్కడం’ అనేవాళ్లు. పని అయ్యాక పది నిమిషాలపాటు మెల్లమెల్లగా మనసును మళ్లీ సొంత చేతిలోకి తెచ్చుకోవాలి. అది ‘దిగడం’. కేబుల్ లేకుండా గాల్లో పంపితే సరిపోదా అని అడిగిన వాళ్లకు నూకరత్నం ఒకటే చెప్పేది. మెదడు ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది, నిలకడలేని ఆలస్యాన్ని ఓర్చుకోదు.

ఇరవై నిమిషాలయ్యాక లోవకుమారి నవ్వి, అక్కను పిలిచింది. “రేవులో చినుకులు పడతన్నాయప్పా. చేతి మీద చల్లగా తగులుతన్నాయి.”

నూకరత్నం కిటికీలోంచి చూసింది. దూరంగా క్రేన్ ఉక్కు మీద నిజంగానే చినుకులు పడుతున్నాయి. ఆ రోజు సాయంత్రమే కేబుళ్ల జాబితా రాసి, పన్నెండోదాని ఎదురుగా టిక్కు పెట్టి, అది తప్ప ఇంకేదీ వాడకూడదని కింద రాసి సంతకం చేసింది. మనిషి ఎక్కి ఉండగా సగంలో కేబుల్ తెగితే మెదడుకు తిరిగి వచ్చే దారి ఉండదని కూడా అందులో రాసింది.

ఆ పరిశోధన మొత్తం డాక్టర్ తారకేశ్వర్‌ది. మెదడు గురించి ఆయనకు తెలిసినంత ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. మెత్తగా మాట్లాడేవాడు, కింద పనిచేసేవాళ్ల పిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకునేవాడు. నూకరత్నానికి ఆయనంటే గౌరవం. ఓడల కంపెనీల ప్రతినిధులూ పత్రికలవాళ్లూ చూడటానికి వచ్చే రోజు పొద్దున, ఆయన హాల్లోకి వచ్చి నల్ల కేబుల్ వైపు చూసి మొహం చిట్లించాడు.

“ఇదేంటి నూకరత్నం, పశువుకి పలుపు కట్టినట్టుంది. ఫొటోల్లో ఇదే కనపడుతుంది,” అన్నాడు.

ఆమె స్క్రూల గురించీ గాజు పోగు గురించీ చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత క్రేన్ మీద కెమెరాలో మసక కనబడుతోందనీ, వెళ్లి తుడిచి రమ్మనీ ఆమెను పంపించాడు. నలభై మీటర్లు ఎక్కి ఆమె కెమెరా అద్దం చూసింది. శుభ్రంగా ఉంది.

కింద హాల్లో ఏం జరిగిందో ఆమెకు తర్వాత తెలిసింది. ఆయన తన బల్ల సొరుగులోంచి సన్నటి తెల్లటి కేబుల్ తీసి స్వయంగా తగిలించాడు. అందంగా ఉంది, రిబ్బనులా వేలాడుతోంది. స్క్రూలు లేవు. అప్పటికి లోవకుమారి కళ్ల మీద హెడ్‌సెట్ ఉంది కాబట్టి ఆమెకు తేడా తెలియలేదు. ఇరవై ఆరో నిమిషంలో, ఇరవై టన్నుల కంటైనర్ గాల్లో ఉండగా, నూకరత్నం కాళ్ల కిందున్న క్రేన్ ఒక్కసారి వణికి ఆగింది. మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. తర్వాత కంటైనర్‌ను పట్టుకున్న ఉక్కు చట్రం విచ్చుకుని, పెట్టె నీళ్లలో పడింది.

ఆమె నిచ్చెన మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి లోవకుమారి కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. నెమ్మదిగా తల తిప్పి తన కుడిచేతిని చూసుకుంది.

“ఇది ఎవరిది?” అని అడిగింది.

వైద్యులు నరాలన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఎముక, కండ, రక్తం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెదడు మాత్రం ఆ చేతిని వదిలేసింది. మళ్లీ క్రేన్‌తో కలిపి, నిదానంగా దింపే ప్రయత్నం మూడుసార్లు చేశారు. మూడుసార్లూ ఆమె ఎక్కగలిగింది గాని, దిగినప్పుడు చేయి లేకుండానే దిగింది.

మొదటి రోజు తారకేశ్వర్ ఆస్పత్రి వరండాలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. నాలుగో రోజు విచారణ నివేదిక ఇచ్చాడు. ఆపరేటర్ ఎత్తుకు భయపడి తల విదిలించడంవల్ల కేబుల్ ఊడిందని, ఆ కేబుల్‌ను ఎంచుకున్నది హార్డ్‌వేర్ ఇంజనీరేనని అందులో ఉంది. నూకరత్నం సంతకం చేసిన జాబితా కూడా జతచేశాడు. టిక్కు మాత్రం పన్నెండోదాని దగ్గర లేదు, నాలుగోదైన ఆ తెల్ల కేబుల్ దగ్గర ఉంది. సంతకం ఉన్న ఆఖరి కాగితం ఒక్కటే ఆమెది.

అక్కాచెల్లెళ్లిద్దరినీ ఒకే రోజు పంపేశారు. ఆడవాళ్లకు ఈ పని సరిపడదని రేవువాళ్లు తీర్మానించుకుని, శిక్షణలో ఉన్న ఆరుగురినీ వెనక్కి పంపారు. లోవకుమారి చేయి పోయినందుకు ఏడవలేదు గాని, ఆ కబురు విన్న రోజు మాత్రం గోడవైపు తిరిగి పడుకుని సాయంత్రం దాకా లేవలేదు.

గాజువాకలో వాళ్లు ఉండే ఇంట్లో ముందు గదిని నూకరత్నం పనిగదిగా మార్చుకుంది. ఎవరికి ఎంత పొడుగు, ఎలాంటి కేబుల్ కావాలంటే అది తయారుచేసి ఇచ్చేది. స్కానింగ్ సెంటర్లకు, డ్రోన్లు ఎగరేసే వాళ్లకు, వీఆర్ ఆటల దుకాణాలకు. ‘తీరం కేబుల్స్’ అని బోర్డు పెట్టింది. ఒక్కటి కూడా వెనక్కి రాలేదని పేరొచ్చింది.

లోవకుమారి ఎడంచేత్తో తినడం నేర్చుకుంది. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం వాళ్లు వెళ్లేదాకా తినేది కాదు. కుడిచేయి గుమ్మాలకు కొట్టుకునేది, తలుపు సందుల్లో నలిగేది, ఆమెకు తెలిసేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లోంచి మాడు వాసన వస్తే నూకరత్నం పనిగదిలోంచి లేచి వెళ్లింది. లోవకుమారి కూర కలుపుతోంది.

“ఏటే మాడతంది?” అంది నూకరత్నం.

“కూర కాదు, ఇప్పుడే పోశాను నీళ్లు,” అని లోవకుమారి కిందకి చూసింది. ఆమె కుడిచేయి పక్క స్టవ్ మంట మీద ఉంది.

ఆ చేతికి మందు రాస్తున్నంతసేపూ లోవకుమారి అవతలికి చూస్తూ, ఇరుగింటివాళ్ల పెళ్లి గురించి మాట్లాడింది. చర్మం ఊడి వస్తున్నా మొహంలో మార్పు లేదు. ఆ మొహాన్ని చూస్తూ నూకరత్నం ఒక నిర్ణయానికి వచ్చింది. అప్పటిదాకా ఆమెకున్నది దుఃఖం. కట్టు కట్టడం పూర్తయ్యేసరికి అది పూర్తిగా పగ అయింది. తారకేశ్వర్‌కు ఇదే జరగాలి. తన చేయి కాలుతుంటే వాసన చూసి తెలుసుకోవాలి. అది ఎలాగన్నది తెలియదు, జరగడం మాత్రం జరగాలి.

రెండేళ్లు ఎదురుచూసింది. పొద్దున లేవగానే చెల్లెలి చేతిని చూసి ఆ మాట ఒకసారి మనసులో అనుకుని పనిలో కూర్చునేది.

ఒక శనివారం ఉదయం ఫణికుమార్ అనే ఇంజనీరు వచ్చాడు. కొత్తవాడు, అబ్ధిలో చేరి ఏడాది కూడా కాలేదు. పన్నెండు మీటర్ల యూఎస్‌బి కేబుల్ కావాలి మేడమ్, వీఆర్ హెడ్‌సెట్‌కి, అన్నాడు. నూకరత్నం మొహంలో ఏమీ కనబడనివ్వకుండా కాగితం తీసి, అందరినీ అడిగే ప్రశ్నలే అడిగింది. పెట్టుకునే మనిషి కూర్చుంటాడా, నిలబడతాడా? ఎంతసేపు? హెడ్‌సెట్ కరెంటు ఈ కేబుల్లోంచే తీసుకోవాలా? నేల మీద పరుస్తారా, పైనుంచి వేలాడదీస్తారా? అతను అన్నిటికీ సరైన జవాబులే చెప్పాడు. స్క్రూలు తప్పనిసరి అని తనే అన్నాడు.

“స్క్రూలు కావాలని ఎవరన్నారు?” అని అడిగింది.

“మా డైరెక్టరు తారకేశ్వర్‌గారేనండి. కేబుల్ విషయంలో ఆయనకి చాలా పట్టింపు. ఈసారి ఆయనే కూర్చుంటున్నారు మరి.”

మెల్లగా మిగతాది కూడా చెప్పాడు. పాత ప్రమాదం తర్వాత ఆగిపోయిన అనుమతి కోసం సంస్థ మళ్లీ అర్జీ పెట్టుకుంది. నిపుణుల సంఘం ఒకటి చూడటానికి వస్తోంది. ఇది అంత భద్రమైనదైతే ముందు సంస్థలో పెద్ద ఎవరో వాళ్లే పెట్టుకుని చూపించాలని సంఘం షరతు పెట్టింది.

కేబుల్ తయారుచేసిన మనిషి దగ్గరుండి బిగించాలని, లేకపోతే తను హామీ ఇవ్వలేనని నూకరత్నం చెప్పింది. ఫణికుమార్ సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆ వారమంతా ఆమె పాటలు వినలేదు, రేడియో పెట్టలేదు. రెండు కేబుళ్లు తయారుచేసింది. రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి తను చేసిన వాటన్నిటిలోకీ మంచిది. రెండోది చల్లగా ఉన్నంతసేపూ ఏ పరీక్షకైనా నిలబడుతుంది, వేడెక్కితే లోపల ఒక అతుకు విడిపోతుంది. బల్ల మీద హెడ్‌సెట్ తగిలించి, గడియారం పెట్టుకుని నాలుగుసార్లు చూసింది. ఇరవై ఆరో నిమిషానికీ ఇరవై ఎనిమిదో నిమిషానికీ మధ్య తెగుతోంది. నాలుగోసారి తెగినప్పుడు వెనక నుంచి లోవకుమారి గొంతు వినబడింది.

“ఎవరికప్పా అది?”

నూకరత్నం అబద్ధం చెప్పాలని చూసింది గాని నోరు రాలేదు. కుర్చీ జరిపి చెల్లెల్ని కూర్చోమని, ఫణికుమార్ రావడం దగ్గర్నుంచి అంతా చెప్పింది. లోవకుమారి కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని వింది.

“ఆడి చెయ్యి నాకెందుకప్పా?” అంది చివరికి లోవకుమారి. “ఆడి చెయ్యి పోతే లోకమంతా ఆడి మీద జాలి పడతాది. తను కనిపెట్టిన దానికోసం తననే ఇచ్చుకున్నాడని పేపర్లో రాస్తారు. శిలువెక్కిన దేవుణ్ణి చేస్తారు ఆడిని. మనం ఏమవుతాం?”

“మరి నీకేం కావాలి?”

“నేను భయపడలేదని ఆడి నోట్లోంచి రావాలి. పదిమంది ఎదురుగా. తల విదిలించలేదని చెప్పాలి. ఆ ఆరుగురు పిల్లలు ఇళ్లకాడ కూర్చున్నారు, ఒకర్తి చేపలమ్ముకుంటంది. ఆళ్లందరూ వినేలాగ చెప్పాలి.” ఆమె రెండు కేబుళ్ల వైపూ చూసింది. “మంచిదే పట్టుకెళ్లు. ఆడికి ఆ సంగతి చెప్పకు.”

ఆ రోజు నువ్వు కూడా రావే, అంది నూకరత్నం. లోవకుమారి రానంది. కారణం చెప్పలేదు.

సంఘం వచ్చిన రోజు ఉదయం పది గంటలకు హాలు నిండింది. సంఘానికి పెద్దగా వచ్చినావిడ నౌకాదళంలో పనిచేసి రిటైరైన అధికారి, తెల్ల జుట్టు, తక్కువ మాటలు. పక్క గదిలో కూర్చుని కేబుల్ చివరిసారి చూసుకుంటున్న నూకరత్నానికి గోడ అవతల తారకేశ్వర్ ప్రసంగం వినబడింది. మునుపటి సంఘటన ఒక మనిషి బలహీనతవల్ల జరిగిందని, యంత్రంలో లోపం ఏనాడూ లేదని అదే మెత్తటి గొంతుతో చెప్పాడు. నూకరత్నం చేతులు కడుక్కుని తుడుచుకుంది. చెమట పట్టిన వేళ్లతో స్క్రూలు పట్టు దొరకవు.

ఆయన హెడ్‌సెట్ పెట్టుకుని కళ్లు మూసుకుపోయాక ఫణికుమార్ ఆమెను పిలిచాడు. ఆమె వెళ్లి ఆయన మెడ వెనక రెండు స్క్రూలూ బిగించి, పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆపరేటర్ మాటలు అందరికీ వినబడేలా మైకు పెట్టారు. పదో నిమిషంలో ఆయన వేళ్లలో ఉక్కు తెలుస్తోందన్నాడు. ఇరవయ్యో నిమిషంలో, “ఇప్పుడు అదే నా చెయ్యి,” అన్నాడు. కిటికీ బయట క్రేన్ వంగి, ఓడ మీది కంటైనర్‌ను పట్టుకుని లేపింది. కొందరు చప్పట్లు కొట్టారు.

నూకరత్నం లేచి నిలబడి ఒక చేయి ఆయన మెడ వెనక కేబుల్ కొస మీద వేసింది. వంగి చెవి దగ్గర చెప్పింది. “నేను నూకరత్నాన్ని సార్. ఈ కేబుల్ చేసింది నేనే.”

గాల్లో కంటైనర్ ఆగింది.

“ఎవరు?” అన్నాడు. ఆ మాట మైకులోంచి హాలంతా వినబడింది.

ఆమె ఇప్పుడు గొంతు తగ్గించలేదు. “లోవకుమారి అక్కని. మీరు ఇప్పుడు పూర్తిగా ఎక్కి ఉన్నారు. దిగడానికి పది నిమిషాలు కావాలి. ఆ పది నిమిషాలు నేనిస్తేనే ఉంటాయి. ఆ రోజు కేబుల్ మార్చింది ఎవరో చెప్పండి.”

గుమ్మం దగ్గరున్న సెక్యూరిటీవాళ్లు కదిలారు. ఫణికుమార్ చేతులు అడ్డం పెట్టి వాళ్లను ఆపాడు. ఆమెను లాగితే కేబుల్ కూడా వస్తుందని, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాడు. కుర్చీలో మనిషి ఎడంచేయి పైకి లేచి, హెడ్‌సెట్ దాకా వచ్చి ఆగిపోయింది. తీసేస్తే ఏమవుతుందో ఆ గదిలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

“చూడమ్మా, మనం కూర్చుని మాట్లాడుకుందాం. నీకు అన్యాయం జరిగిందని నువ్వు అనుకుంటున్నావు…”

నూకరత్నం మొదటి స్క్రూ తిప్పింది. కిర్రుమని చిన్న చప్పుడు ఆయన చెవి పక్కనే వినబడింది. ఇంకోసారి తిప్పింది, ఇంకోసారి. స్క్రూ ఊడి నేల మీద పడి దొర్లింది.

కిటికీ బయట కంటైనర్ ఊగడం మొదలుపెట్టింది. ఆయన వణుకు అక్కడ కనబడుతోంది.

“నాకు తెలియదు,” అన్నాడు. “కేబుల్ సంగతి టెక్నికల్ వాళ్లు…”

ఆమె రెండో స్క్రూ మీద వేళ్లు వేసింది. ఆ క్షణంలో ఆమెకు కాలిన చర్మం వాసన నిజంగానే తగిలింది. మంచి కేబులే తెచ్చినా, చేత్తో లాగితే ఏ కేబులైనా ఊడుతుంది. ఆ సంగతి చెల్లెలు ఆలోచించిందో లేదో ఆమెకు తెలియదు. ఒక చుట్టు తిప్పింది. రెండో చుట్టు. చాలా తేలిగ్గా తిరుగుతోంది. ఆపాలని ఆమెకు అనిపించడం లేదు.

“నేనే,” అన్నాడు తారకేశ్వర్. “నేనే మార్చాను.”

“ఎందుకు?”

“అది లావుగా ఉంది. ఫొటోల్లో బాగుండదని.”

“ఆమె తల విదిలించిందా?”

నూకరత్నం మూడో చుట్టు తిప్పింది.

“లేదు. లేదు. కదల్లేదు. కేబుల్ రెండుసార్లు తెగి కలిసింది, అప్పుడు కూడా కదల్లేదు. పెట్టె మనుషుల మీద పడకుండా నీళ్లవైపు తిప్పింది. తెగి కలిసిన ఆ కాస్త టైములోనే తిప్పింది.” ఆయన ఏడుస్తున్నాడు. “రికార్డింగ్ ఉంది. నా గదిలో బీరువాలో, నీలం డ్రైవులో ఉంది. చెరిపెయ్యలేకపోయాను. దయచేసి బిగించు.”

పెట్టెను నీళ్లవైపు తిప్పింది లోవకుమారేనని నూకరత్నానికి అప్పటిదాకా తెలియదు. ఆ రోజు కింద రేవు గట్టు మీద పదిమంది కలాసీలు నిలబడి ఉన్నారు. కేబుల్ తెగాక జరిగిందేదీ చెల్లెలికి గుర్తులేదు. తన చేయి చేసిన ఆఖరి పని ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సంఘం పెద్దావిడ అప్పటికే ఇద్దర్ని ఆయన గదికి పంపింది. నీలం డ్రైవు తెచ్చి ఆమె చేతిలో పెట్టేదాకా నూకరత్నం వేళ్లు స్క్రూ మీదినుంచి కదల్లేదు. తర్వాత దాన్ని బిగించింది. నేల మీద పడినదాన్ని ఫణికుమార్ వెతికి ఇస్తే అదీ బిగించింది. స్టూలు మీద కూర్చుని, ముందు పెట్టెను ఓడ మీదికి దింపించి, పాత రోజుల్లో చెల్లెలికి చెప్పినట్టే నిమిషానికోసారి చెబుతూ ఆయన్ని దింపింది. భుజం తెలుస్తోందా, మోచెయ్యి తెలుస్తోందా, ఇప్పుడు చూపుడువేలు కదపండి. పది నిమిషాలూ పూర్తయ్యాక ఆయన హెడ్‌సెట్ తీసి, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని తడుముకున్నాడు. వేళ్లన్నీ కదిలాయి. ఆ కదలడం చూసి నూకరత్నం తల తిప్పుకుంది. గుమ్మంలో పోలీసులు నిలబడి ఉన్నారు.

బెదిరించి చెప్పించిన మాట చెల్లదని ఆయన లాయర్లు వాదించారు. మాట చెల్లకపోయినా రికార్డింగ్ చెల్లింది. ఆ కుర్చీలో లోవకుమారి తల ఒక్క అంగుళం కూడా జరగకపోవడం, తెల్ల కేబుల్‌లో సంకేతం దానంతటదే తెగి కలవడం కోర్టులో అందరూ చూశారు. జాబితా మార్చినందుకు తారకేశ్వర్ మీద కేసు నడిచింది. అబ్ధికి అనుమతి రాలేదు. నూకరత్నం తెచ్చిన కేబుల్‌ను కూడా పరీక్షకు పంపారు. అందులో ఎక్కడా లోపం లేదని నివేదిక వచ్చింది. అయినా చేసింది నేరమే కాబట్టి ఆమెకు పది నెలల జైలు పడింది. జడ్జిగారు పశ్చాత్తాపం ఉందా అని అడిగితే లేదంది. ఉందని చెబితే శిక్ష తగ్గేదని ఆమె లాయరు తర్వాత విసుక్కున్నాడు.

మూడో నెలలో లోవకుమారి చూడటానికి వచ్చింది. మధ్యలో జాలీ ఉంది, ఇటు ఒక బల్ల, అటు ఒక బల్ల. రేవువాళ్లు ఆ పిల్లల్ని మళ్లీ పిలిచారని చెప్పింది. ఆరుగురిలో నలుగురే వచ్చారు. ఒకర్తికి పెళ్లయి ఒడిశా వెళ్లిపోయింది, చేపలమ్ముకునే పిల్ల రానంది. వచ్చిన నలుగురికీ పని నేర్పడానికి తననే పెట్టారట. హెడ్‌సెట్లు లేవు, పాత క్రేనే, మీటలతో. తనే వాళ్లతోపాటు పైకి ఎక్కి, ఎడంచేత్తో చూపిస్తోందట. నిచ్చెన ఎక్కేటప్పుడు పడిపోకుండా నడుముకు తాడు కట్టుకుంటోందట. నిన్న ఆ నలుగుర్లో ఒకర్తి మొదటిసారి తనంతట తను పెట్టె దించిందట.

నూకరత్నం అన్నీ అడిగి అడిగి చెప్పించుకుంది. ఆ పిల్ల పేరేమిటి, పెట్టె ఎంత బరువు, కుదుపు లేకుండా దించిందా. చెయ్యి ఎలా ఉందని అడిగితే అలాగే ఉందంది లోవకుమారి.

“ఒకటి అడగనా?” అంది లోవకుమారి. “ఆడు నోరిప్పకపోతే లాగేసేదానివా?”

“తెలీదే.” నూకరత్నం నిజమే చెప్పింది. “స్క్రూ ఇంకో చుట్టే ఉంది. చెయ్యి ఆపాలనిపించలేదు. ఆడు చెప్పాడు కాబట్టి ఆగాను. చెప్పకపోతే ఏం చేసేదాన్నో ఇక్కడ రోజూ ఆలోచిస్తన్నాను, తేలడం లేదు.”

లోవకుమారి తలూపింది. బల్ల మీంచి జారిపోతున్న కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని పైకి లాక్కుంది.

“నేనైతే ఆడు చెప్పినాక కూడా లాగేసేదాన్నప్పా,” అంది. గొంతులో కోపం లేదు, తెలిసిన విషయం చెప్పినట్టే చెప్పింది. “ఆడు ఏడిస్తే ఏడిచినాక లాగేసేదాన్ని. అది నాకు తెలుసు. అందుకే నేను రాలేదు. నిన్ను పంపాను.”

నూకరత్నం చెల్లెలి కళ్లలోకి చూసింది. వాటిలో ఆ మాటను వెనక్కి తీసుకునే ఛాయ ఏమీ లేదు. రెండేళ్లు పొద్దున లేవగానే తనొక్కతే అనుకుంటున్నానని భ్రమపడిన మాటను, పక్క మంచం మీద ఇంకొకరు కూడా అనుకుంటూ ఉన్నారని ఆమెకు అప్పుడు అర్థమైంది.

టైమైపోయిందని వార్డరు వచ్చి చెప్పింది. లోవకుమారి లేచి, చేతిని చున్నీలో వేసి ముడి బిగించుకుంది. వచ్చే వారం ఎండుచేపల పులుసు తెస్తానని, లోపలికి పంపిస్తారో లేదో కనుక్కోమని చెప్పి, బస్సు తప్పిపోతుందని గబగబా వెళ్లిపోయింది.